సమ్మర్ క్యాంపులో పిల్లలతో బొమ్మలు వేయించడం: బెజవాడ వాలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

మొదటి వేసవిలో నేను చేసిన పెద్ద పొరపాటు, పిల్ల చేతిలోంచి పెన్సిల్ తీసుకోవడం. ఏడేళ్ల పాప ఏనుగును వేస్తోంది. తొండం చెవి పక్క నుంచి మొదలైంది. "అలా కాదు బంగారం, ఇలా" అంటూ నాలుగు గీతల్లో సరిచేశాను. పాప కాగితాన్ని నా ముందుకు జరిపి, "మిగతాది కూడా నువ్వే వేసెయ్ అక్కా" అంది. అలగలేదు, ఏడవలేదు. వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. ఆ పూట ఇంకే బొమ్మా ముట్టుకోలేదు.

నేను డ్రాయింగ్ టీచర్ని కాను. ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ మే నెలలో పది రోజులు సెలవు పెట్టి క్యాంపులో పనిచేస్తుంటాను. నేను గుర్రాన్ని వేస్తే ఇప్పటికీ గాడిదే వస్తుంది. అయినా పని ఆగలేదు. ఎందుకంటే అక్కడ మన పని బొమ్మలు నేర్పడం కాదు. కాగితం, రంగులు, నీళ్లు, తీరుబడి అమర్చిపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. వినడానికి సులువుగానే ఉంటుంది, నిలబడి చూస్తే తెలుస్తుంది.

1. చేరే ముందు కుళాయి గురించి అడగండి

మన దగ్గర బడులు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. క్యాంపులు ఎక్కువగా మే నెలలోనే ఉంటాయి. మార్చి నెలాఖరుకల్లా వెళ్లి మాట్లాడుకుంటే మంచిది. జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉండే లైబ్రరీల్లో వేసవి శిబిరాలు జరుగుతుంటాయి. చర్చిల్లో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ తరగతులు) పెడతారు. పెద్ద అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లు, కాలనీ కమ్యూనిటీ హాళ్లు, పిల్లల వసతి గృహాలు కూడా ఉన్నాయి. బొమ్మలు వేయించడానికి మనిషి దొరికితే కాదనేవాళ్లు తక్కువ. ఒక్క మాట, "వాలంటీర్‌గా వచ్చానండీ" అని గేటు దగ్గర చెప్పకండి. ఒకసారి నేనలా చెబితే అక్కడి తాతగారు నన్ను ఇంటింటికీ పింఛన్లు పంచిన ప్రభుత్వ వాలంటీర్లలో ఒకరినని అనుకుని తన పింఛను సంగతి అడిగారు. "పిల్లల చేత బొమ్మలు వేయించడానికి వచ్చాను" అంటే సరిపోతుంది.

ఒప్పుకునే ముందు గది చూడండి. ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్లు, నాతోపాటు ఇంకో పెద్ద మనిషి ఎవరుంటారు, తడి కాగితాలు ఎక్కడ ఆరబెట్టాలి, ఇవన్నీ అడగాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది గదికి దగ్గర్లో కుళాయి ఉందా అని. ఇరవైమంది పిల్లలు రంగులేస్తే గంటలో మూడుసార్లు నీళ్లు మార్చాలి. కుళాయి కింది అంతస్తులో ఉంటే మీ పది రోజులూ మెట్ల మీదే గడిచిపోతాయి. కుళాయి లేకపోతే రెండు పెద్ద బకెట్లు, ఒకటి మంచి నీళ్లకు, ఒకటి మురికి నీళ్లకు.

వసతి గృహాల్లో అయితే ఆధార్ కాపీ అడుగుతారు, పోలీస్ వెరిఫికేషన్ కూడా అడగొచ్చు. నొచ్చుకోవద్దు. ఏమీ అడగకుండా పిల్లల్ని అప్పగించే చోటే మనం అనుమానపడాలి.

2. పిల్లల భద్రత

ఇక్కడ రాజీ పడే పనే లేదు. ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు. బాత్రూమ్‌కి చిన్నపిల్లల్ని క్యాంపు ఆయమ్మ తీసుకెళ్లాలి, మనం కాదు. క్యాంపు అయ్యాక ఎవరు తీసుకెళ్తారో మొదటి రోజే రాసి పెట్టుకోండి, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ అప్పగించొద్దు. ఫొటోలు తీయాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. బొమ్మను ఫొటో తీయండి, ముఖం వద్దు. ఎవరైనా పిల్లలు భయపెట్టే సంగతి ఏదైనా చెబితే గుచ్చి గుచ్చి అడగకుండా విని, వెంటనే క్యాంపు బాధ్యులకు చెప్పాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098, అంబులెన్సు 108. రెండూ తలుపు పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

3. వయసును బట్టి గుంపులు

ఐదేళ్లవాళ్లనీ పన్నెండేళ్లవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెడితే చిన్నవాళ్లు పెద్దవాళ్లది చూసి కాపీ కొడతారు, పెద్దవాళ్లు చిన్నవాళ్లది చూసి నవ్వుతారు. రెండూ నష్టమే.

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు బొమ్మ పూర్తి కావాలన్న పట్టింపు ఉండదు. చేయి కదపడమే వాళ్లకు ఆట. తల నుంచి నేరుగా కాళ్లు మొలిచిన మనుషుల్ని వేస్తారు. అది తప్పు కాదు, ఆ వయసులో అన్ని చోట్లా పిల్లలు వేసేది అదే. వీళ్లకు పెద్ద కాగితం, లావు బ్రష్షు, ఇరవై నిమిషాలు చాలు. ఏడు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు కాగితం అడుగున నేల గీత గీసి, దాని మీద అన్నిటినీ వరసగా నిలబెడతారు. ఇల్లు లోపలా బయటా ఒకేసారి కనబడుతుంది. వీళ్లతో పని హాయి. కష్టం వచ్చేది తొమ్మిది, పదేళ్లు దాటాక. అప్పటిదాకా గోడల మీద గీసినవాడే "నాకు రాదక్కా" అంటాడు. నిజంగా ఉన్నట్టు రావాలని కళ్లు కోరుకుంటాయి, చేతికి ఇంకా అంత పట్టు దొరకదు. ఈ వయసువాళ్లకు బొమ్మ గీయడంతో మొదలుపెట్టకండి. అచ్చులు, మట్టి, ముక్కలు అంటించడం లాంటి పనులివ్వండి. 'ఉన్నట్టు రావాలి' అన్న బెంగ వాటిలో ఉండదు.

4. సరుకులు

24 మంది పిల్లలు, పది రోజులు, రోజుకు బొమ్మలకు రెండు గంటలు అనుకుని చెబుతాను.

కాగితం: 22×28 అంగుళాల డ్రాయింగ్ షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11×14 వస్తుంది. పిల్లల చేతికి సరైన సైజు అదే. రోజుకు తలా ఒకటిన్నర చొప్పున 360 ముక్కలు, అంటే 90 షీట్లు. షాపులోనే కోయించుకోండి, ఇంట్లో కత్తెరతో కూర్చుంటే తెల్లారిపోతుంది. జిరాక్స్ పేపరు కొనొద్దు. అది సాధారణంగా 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, తడి తగలగానే అప్పడంలా ముడుచుకుంటుంది. రంగు వేయడానికి కనీసం 150 జీఎస్‌ఎం ఉండాలి.

రంగులు: చిన్న సీసాల పెట్టెలు వద్దు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు పోస్టర్ కలర్లు పెద్ద సీసాల్లో తీసుకోండి. పసుపు, తెలుపు రెండేసి, మిగతావి ఒక్కోటి. ఆకుపచ్చ, నారింజ, గోధుమ రంగులు కావాలనే కొనను. ఎందుకో తర్వాత చెబుతాను. సీసా మీద నాన్-టాక్సిక్ అని ఉందో లేదో చూడాలి. ఇంట్లో మిగిలిన ఎనామిల్ పెయింటు, పూజ సింధూరం లాంటివి పిల్లల చేతికి ఇవ్వొద్దు.

బ్రష్షులు: గుండ్రటివి 8వ నంబరు 24, 4వ నంబరు 12. ఇంకా మొన లేని కత్తెరలు ఒక డజను, ఫెవికాల్ పెద్ద డబ్బా. కట్టర్ ఒక్కటే, అది ఎప్పుడూ మీ జేబులోనే.

వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకుంటే బీసెంట్ రోడ్డు మీద కన్నా కలిసొస్తుంది, కాకపోతే ఉదయం పదిలోపు వెళ్లి రావాలి. ఎండ ముదిరాక ఆ సందుల్లో తిరగడం మన వల్ల కాదు.

కొనక్కర్లేనివి ఇంకా ఎక్కువ. పెరుగు డబ్బాలు నీళ్లకు, పాత ఐస్ ట్రేలు రంగులు కలపడానికి, దినపత్రికలు నేల మీద పరచడానికి. అన్నిటికన్నా విలువైనవి పాత శుభలేఖలు. ప్రతి ఇంట్లోనూ బీరువా మీద ఓ కట్ట ఉంటుంది, పారేయబుద్ధి కాదు, దాచుకునే అవసరం లేదు. మందపాటి కాగితం, బంగారు అంచులు, వినాయకుడి బొమ్మలు. ముక్కలు అంటించి బొమ్మ చేసే రోజున వీటిని మించిన సరుకు లేదు. ఒక పిల్లాడు ఎవరిదో పెళ్లి కార్డులోని బంగారు అక్షరాలన్నీ కత్తిరించి చేపకు పొలుసులు అంటించాడు. దగ్గరగా చూస్తే చేప ఒంటి నిండా 'శ్రీరస్తు', 'శుభమస్తు'.

5. ఎండకు తగ్గట్టు గది

మే నెల బెజవాడలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. క్యాంపు ఏడున్నరకు మొదలై పదిన్నరకు అయిపోవాలి. నిర్వాహకులు పది నుంచి ఒంటిగంట అంటే గట్టిగానే వాదించండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది, ముందు రోజు రాత్రే చూసుకోవాలి. తీవ్రంగా ఉందంటే సెలవు ప్రకటించడమే. మధ్యలో ఒకసారి ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ఎవరైనా తల తిరుగుతోందన్నా, చెమట పట్టకుండా ఒళ్లు కాలుతున్నా బొమ్మ పక్కన పెట్టి నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

ఎండ వల్ల సరుకులకు వచ్చే తిప్పలు ఏ పుస్తకంలోనూ చదవలేదు, అనుభవంలోనే తెలిశాయి. ఆయిల్ పాస్టెల్స్ స్కూటీ డిక్కీలో పెట్టి ఆఫీసు పని చూసుకుని వచ్చేసరికి 24 రంగులూ కలిసి హల్వా అయ్యాయి. ట్రేలో పోసిన రంగు పావుగంటలో పెచ్చులు కడుతుంది, అందుకే ఒక్కోసారి చెంచాడే పోయాలి. తడి స్పాంజి ముక్క ట్రే పక్కన పెడితే కాస్త ఆగుతుంది. ఫ్యాను లేకుండా కూర్చోలేం, ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి. నాలుగు మూలలా టేపు వేయడం కన్నా, ప్రతి పిల్లకూ రెండు గులకరాళ్లు ఇవ్వడం మేలు. మొదటి రోజు వాటికే రంగులు వేయిస్తాను. ఎవరి రాళ్లు వాళ్లవి, పది రోజులూ కాపాడుకుంటారు. తళుకుల పొడి మాత్రం ఫ్యాను కింద తెరవద్దు. దీపావళికి కూడా వాళ్ల జుట్టులోంచి రాలుతూనే ఉంటుంది.

పిల్లల్ని బల్లల దగ్గర కన్నా చాపల మీద కూర్చోబెట్టడం సుఖం. నలుగురికి ఒక ట్రే, రెండు నీళ్ల డబ్బాలు. కరెంటు పోతే కిటికీ వెలుగు ఎటు నుంచి వస్తుందో చూసి చాపలు వేయండి.

6. పది రోజుల్లో ఏం చేయించాలి

అన్నీ వరసగా చెప్పను. గులకరాళ్లు, సుద్దముక్కతో ముగ్గులు, మట్టి, ముంజకాయల బండి ఎలాగూ మీకు తెలిసినవే. ముగ్గు గురించి ఒక్క మాట: ఏడు నుంచి నాలుగు వరకు సందుచుక్కలు పెట్టిస్తే 37 చుక్కలు వస్తాయి. ఆ చుక్కలు పెట్టి, కలపడం పూర్తిగా పిల్లలకు వదిలేయండి. ఒకే చుక్కల నుంచి ఇరవై నాలుగు ముగ్గులు వస్తాయి. మగపిల్లలు మొదట "అది ఆడపిల్లల పని" అంటారు. పట్టించుకోకుండా సుద్దముక్క చేతిలో పెట్టండి, పది నిమిషాల్లో నేలంతా వాళ్లదే.

మట్టి పనికి కుమ్మరి దగ్గర బంకమట్టి అడిగితే ఇస్తారు. మన ఎండకు బొమ్మలు బయట పెడితే సాయంత్రానికి పగుళ్లే. నీడలో, తడిగుడ్డ కప్పి రెండు రోజులు నిదానంగా ఆరనివ్వాలి. ముక్కలు అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీరి, మట్టిని నీళ్లలో జావలా కలిపి పూసి అతికించాలి. అలా చేయకపోతే ఏనుగు తొండం ఆరాక చేతికొస్తుంది.

*ఒంటి రంగు రోజు.* నేను ఆకుపచ్చ, గోధుమ రంగులు కొనకపోవడానికి కారణం ఇదే. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు క్రేయాన్ పెట్టె తెచ్చి "స్కిన్ కలర్ ఏది అక్కా" అని అడుగుతారు. తీసి చూపించేది లేత గులాబీ రంగు ముక్క. అది ఆ గదిలో ఒక్కరి ఒంటి రంగు కూడా కాదు. అయినా అందరూ తమ బొమ్మకు అదే పూస్తారు.

కాబట్టి మూడో రోజు ఆ ముక్కను పక్కన పెట్టించి, ట్రేలో పసుపు రెండు చెంచాలు, ఎరుపు ఒక చెంచా కలపమంటాను. నారింజ వస్తుంది. అందులో నీలం బ్రష్షు కొసతో ఒక చుక్క. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. నారింజ కాస్తా గోధుమ రంగులోకి దిగిపోతుంది. ఇక్కడి నుంచి ఎవరిది వాళ్లదే. ఆ రంగును కాగితం అంచున పూసి, మణికట్టు పక్కన పెట్టి చూసుకోవాలి. ఇంకా నలుపు కావాలంటే నీలం, ఎరుపు మరి కాస్త. లేతగా కావాలంటే తెలుపు కాదు, ముందు పసుపు కలపాలి. తెలుపు ఎక్కువైతే బూడిద పూసినట్టు ఉంటుంది. లేత రంగులోకి ముదురు రంగును చుక్కలుగా కలపాలి గానీ, ముదురు దాంట్లో లేతది కలుపుతూ పోతే సీసాలు ఖాళీ అయినా రంగు మారదు. ఈ ఒక్క సూత్రం ఆ రోజు వాళ్లకు మాటల్లో చెప్పకుండానే అర్థమవుతుంది.

రంగు కుదిరాక దానికి పేరు పెట్టాలి. ఇది తప్పనిసరి. తాటిబెల్లం, చామనఛాయ, ఫిల్టర్ కాఫీ, వేరుశనగ పొట్టు, 'మా నానమ్మ చెయ్యి' వచ్చాయి. ఒకమ్మాయి చాలాసేపు కలిపి కలిపి చివరికి "సపోటా" అని రాసి, ఆ రంగును ఓ సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి ఇంటికి తీసుకెళ్తానంది. రెండు చెంచాల రంగు. ఇచ్చి పంపాను.

*బెండకాయ అచ్చులు.* పెడనలో కలంకారీ బట్టల మీద చెక్క అచ్చులతో రంగులు అద్దుతారు. చెక్క చెక్కే పని పిల్లలతో కాదు గనుక కూరగాయలతో చేద్దాం. తినే వస్తువు పాడు చేస్తున్నారని క్యాంపు వంటమ్మ ఒకసారి నన్ను నిలదీసింది. ఆవిడ మాటా న్యాయమే. అప్పటి నుంచి రైతు బజారులో ముదిరిపోయిన బెండకాయలు ఏరించుకుంటున్నాను. ఎవరూ కొనరు, పైగా అచ్చుకు అవే మంచివి, లేతవి నొక్కితే నలిగిపోతాయి. అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని గుడ్డతో అద్ది పది నిమిషాలు ఆరనివ్వాలి. జిగురు ఉంటే రంగు అంటదు. రంగును గిన్నెలో ముంచకుండా తడి స్పాంజి మీద చిక్కగా పూసి, దాని మీద అద్ది కాగితం మీద వేయాలి. చక్కగా రేకుల పువ్వు పడుతుంది. పాత తెల్ల పంచె ముక్క దొరికితే దాని మీద అంచులు వేయించండి. అచ్చుకూ అచ్చుకూ మధ్య దూరం సమంగా రావడానికి నాలుక బయట పెట్టి మరీ కొలుస్తారు. పావుగంట గదిలో చప్పుడే ఉండదు.

*మా వీధి జెండా.* 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించారు. ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు, తెలుపు కూడా ఉండాలని గాంధీజీ సూచించారు. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ముందు నుంచి వెళ్లే పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. కథ చెప్పి, అదే నియమం వాళ్లకూ పెట్టాను: మీ వీధికి జెండా చేయండి, రెండు రంగులు, వాటితోపాటు తెలుపు, అంతే. మూడో రంగు అడిగితే లేదు. కట్టుబాటు ఉంటే పిల్లలు తెలివిగా ఆలోచిస్తారు. కృష్ణలంక కుర్రాడు రెండు నీలం చారల మధ్య తెల్లటి ఇడ్లీ వేశాడు. వాళ్ల సందు మొదట్లో ఇడ్లీ బండి ఉందట. నేనైతే అలాంటి జెండా ఊహించలేను.

*పువ్వుల రంగులు.* శంఖుపూలు గుప్పెడు వేడి నీళ్లలో నానబెడితే నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే ఊదా రంగుకు తిరుగుతుంది. పసుపు నీళ్లలో వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఈ లెక్కనే. సున్నం కళ్లల్లో పడితే ప్రమాదం కాబట్టి సోడాతోనే చూపించండి. ఈ రంగులు కాగితం మీద రోజులకొద్దీ నిలవవు, వెలిసిపోతాయి. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మర్నాడు ఏడుపులు.

7. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

"ఎంత బాగుందో!" అని అందరికీ అంటూ పోతే రెండో రోజుకల్లా ఆ మాటకు విలువ పోతుంది. పిల్లలు మన ముఖం చూసి బొమ్మలు వేయడం మొదలుపెడతారు. కనిపించింది చెప్పండి చాలు: "ఇక్కడ గట్టిగా నొక్కావు", "ఈ మూల మొత్తం ఖాళీగా ఉంచావే". "ఇదేంటి?" అని అడగొద్దు, అది ఏమిటో తెలియట్లేదన్న అర్థం వస్తుంది. "దీని గురించి చెప్తావా?" అనాలి.

రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి జారే నది, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. ఈ బొమ్మ వేయని పిల్లల్ని నేను చూడలేదు. కొందరు వాలంటీర్లు దీన్ని నిషేధిస్తారు. నాకు నచ్చదు. మన ఊళ్లో కొండ నిజంగానే కిటికీలోంచి కనబడుతుంది, నది నిజంగానే ఉంది. "ఈ కొండ ఏది?" అని అడిగాను ఒకడిని. కాసేపు ఆలోచించి "దుర్గమ్మ గుడి" అన్నాడు. "అయితే మెట్లేవి?" మెట్లు వచ్చాయి. మెట్ల మీద జనం వచ్చారు. నది మీద బ్యారేజీ వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయని ఎవరో అంటే, అన్నీ వేస్తానని కూర్చుని 31 దగ్గర కాగితం అయిపోతే, రెండో కాగితం అతికించుకున్నాడు. నేను అడిగింది రెండు ప్రశ్నలే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. తర్వాతి వేసవిలో ఎనిమిదేళ్ల పిల్లాడు కాగితం ముప్పాతిక భాగం గోధుమ రంగు పూశాడు. పైన తెల్లటి పెట్టె ఒకటి. 'నీళ్లు నీలంగా ఉంటాయి కదా నాన్నా' అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకుని, చెప్తావా అని అడిగాను. "ఇది మా ఇల్లు అక్కా. ఇది ఫ్రిజ్. తేలింది." అంతే చెప్పి ఇంకాస్త గోధుమ రంగు పోయమన్నాడు. పోశాను. ఇలాంటి బొమ్మ వచ్చినప్పుడు ఓదార్చబోకండి, ఇంకా చెప్పమని లాగకండి, పక్కవాళ్లను పిలిచి చూపించకండి. పక్కన కూర్చోండి. రోజూ అదే బొమ్మ వస్తూ, పిల్లాడు ముభావంగా ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

8. తరచూ వచ్చే చిక్కులు

"నాకు రాదు" అనేవాళ్లకు తెల్ల కాగితం ఇవ్వకండి. దాని మీద మీరే కళ్లు మూసుకుని ఒక వంకర గీత గీసి, "ఇది ఏమవుతుందో చూడు" అనండి. మన పెన్సిల్ వాళ్ల కాగితం మీద పడొచ్చు అని నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనే. ఐదు నిమిషాల్లో ముగించి "అయిపోయింది" అనేవాళ్లను ఇంకా వెయ్యమని బతిమాలొద్దు. నీళ్లు మార్చే పని అప్పజెప్పండి. తిరుగుతూ పక్కవాళ్లవి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంటారు. కాగితం చించేసేవాళ్లకు ముక్కలు పారేయొద్దని చెప్పి ఫెవికాల్ ఇవ్వండి.

తల్లిదండ్రులతో కాస్త ఓపిక కావాలి. "మావాడు రోజూ పిచ్చిగీతలే తెస్తున్నాడు, ఏం నేర్పుతున్నారండీ?" అని ఒక నాన్నగారు గేటు దగ్గర అడిగారు. జవాబు చెప్పకుండా లోపలికి పిలిచి ఆయన చేతికే బ్రష్షు ఇచ్చాను. నలభై నిమిషాలు కూర్చున్నారు. మర్నాటి నుంచి అడగలేదు. అందరితో ఇది కుదరదనుకోండి.

9. చివరి రోజు

ప్రదర్శన పెట్టండి, బహుమతులు మాత్రం వద్దు. ఫస్ట్ ప్రైజు ప్రకటించిన క్షణాన మిగతా ఇరవైముగ్గురూ ఓడిపోయినట్టే. నిర్వాహకులు స్పాన్సర్ ఇచ్చిన కప్పు ఉందంటారు. ఆ డబ్బుతో అందరికీ ఒక్కో రంగుల పెట్టె ఇద్దామని పట్టుబట్టండి. ఏ బొమ్మ పెట్టాలో పిల్లలే ఎంచుకోవాలి, మనం 'మంచివి' ఏరకూడదు. తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే గోడలకు మేకులు అక్కర్లేదు, పిల్లల కంటి ఎత్తుకూ వస్తుంది. బొమ్మ కింద పేరు, వయసు, పిల్లలు చెప్పిన ఒక్క మాట వాళ్ల మాటల్లోనే రాయాలి. ఫ్రిజ్ బొమ్మ పెట్టనా అని ఆ పిల్లాడిని అడిగితే వద్దన్నాడు. పెట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక గంటన్నర పని ఉంటుంది, దానికీ మనిషిని మాట్లాడి పెట్టుకోండి. బ్రష్షులు సబ్బుతో కడిగి, వేళ్లతో మొన సరిచేసి, పడుకోబెట్టి ఆరబెట్టాలి. డబ్బాలో నిలబెడితే నీళ్లు పిడిలోకి దిగి వెంట్రుకలు ఊడతాయి. రంగు సీసాల్లో మూతల అంచులు తుడిచి బిగించండి. మిగిలిన సరుకంతా అట్టపెట్టెలో పెట్టి, పైన లెక్క రాసి, వచ్చే ఏడాదికి అటక ఎక్కించండి. క్రేయాన్లు, పాస్టెల్స్ మాత్రం అటక మీద పెట్టొద్దు. మేడ మీద ఎండ వేడికి అవి మళ్లీ హల్వా అవుతాయి. కింద బీరువాలో, శుభలేఖల కట్ట పక్కన చోటు చూడండి.